27 డిస్కుల్లో ఏడేళ్ల వెతుకులాట

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం, పాత రికార్డులు కలిసి వినే ఒక చిన్న బృందం ముందు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారమండి. వెనక ఉన్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ఆదివారం పొద్దున్న ఇంతమంది వస్తారనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది. ముందు వరసలో కాలేజీ పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి కొన్ని విషయాలు మొదట్నుంచీ చెప్తాను, ముందే తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఈ టేబుల్ మీద పెట్టె చూశారు కదా, నల్లగా, అడ్డంగా ఒక తెల్లటి గీత. ఆ గీత ఎందుకంటే, పింక్ ఫ్లాయిడ్ అని ఇంగ్లండ్ రాక్ బ్యాండ్, ఆ కుర్రాళ్ళు మొదట్లో ఊళ్ళు తిరిగిన బెడ్‌ఫర్డ్ వ్యాన్ ఒకటుండేది, దానికి నల్ల రంగు, మధ్యలో తెల్ల చార, అదే పెట్టెకి వేశారు. ఇది పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'ది ఎర్లీ ఇయర్స్ 1965–1972'. 2016 నవంబర్‌లో వచ్చింది. సీడీలు, డీవీడీలు, బ్లూరేలు అన్నీ కలిపి 27 డిస్కులు. ఇది నాది కాదండి, న్యూజెర్సీలో ఉండే మా ఫ్రెండ్‌ది, మొన్న ఇండియా వచ్చినప్పుడు చెకిన్ లగేజీలో వేస్తే నలిగిపోతుందని చేతిలోనే మోసుకొచ్చాడు, రెండు నెలలు నా దగ్గర ఉంచాడు. ఆ రెండు నెలలూ రోజూ రాత్రి భోజనం అయ్యాక కూర్చుని మొత్తం విన్నాను, చూశాను, కొన్నయితే నాలుగైదు సార్లు. ఇవాళ చెప్పబోయేదంతా ఆ రెండు నెలల్లో నాకు అర్థమైందే.

నేను పింక్ ఫ్లాయిడ్ ఎలా విన్నానో చెప్పాలి, ఎందుకంటే ఈ పెట్టె నాలో మార్చింది సరిగ్గా దాన్నే. 1991లో, మాది హనుమకొండ, మా పెదనాన్నగారి అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకి వచ్చి ఒక టీడీకే క్యాసెట్ ఇచ్చాడు, 90 నిమిషాలది. ఒకవైపు 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', రెండోవైపు 'విష్ యు వర్ హియర్', రెండూ చెరో 45 నిమిషాల్లోపే కాబట్టి సరిగ్గా సరిపోయాయి. లేబుల్ మీద అన్నయ్య బాల్‌పెన్నుతో రాసిన పేర్లు తప్ప ఇంకేం లేదు, ఫోటో లేదు, వాయించినవాళ్ళ పేర్లు లేవు. ప్లే నొక్కితే మొదట ఒక గుండె చప్పుడు. చాలా ఏళ్ళపాటు నా మనసులో ఆ బ్యాండ్ ఆ గుండె చప్పుడుతోనే పుట్టింది. వాళ్ళు అలా, అంత సిద్ధంగా, ఎక్కడా తడబాటు లేకుండా లోకంలోకి వచ్చేశారని అనుకునేవాణ్ణి. 'డార్క్ సైడ్' వచ్చింది 1973 మార్చిలో, అమెరికాలో బిల్‌బోర్డ్ చార్టులో 1988 దాకా మొత్తం 741 వారాలు ఉంది. అలాంటి రికార్డు చేసినవాళ్ళు దానికి ముందు తెలియక తడుముకుని ఉంటారని పదహారేళ్ళ కుర్రాడికి ఎలా తోస్తుంది చెప్పండి.

ఈ పెట్టెలో 'డార్క్ సైడ్' లేదు. దాని గుమ్మం ముందు ఆగిపోతుంది. నాకు నచ్చిందే అది.

ఇక్కడ ఒక్క నిమిషం అసలు ఇలాంటి సంకలనాల గురించి మాట్లాడుకుందాం. ఒక బ్యాండ్ పాత పాటలన్నీ పోగేసి పెట్టెలో పెట్టడం కొత్తేం కాదు, సీడీ వచ్చాక ప్రోగ్రెసివ్ రాక్, అంటే పొడుగు పాటలతో ప్రయోగాలు చేసే రాక్, ఆ బ్యాండ్లు చాలా చేశాయి. కింగ్ క్రిమ్సన్‌ది 1991లో నాలుగు సీడీలతో వచ్చింది, 'యెస్' బ్యాండ్‌ది కూడా అదే ఏడు నాలుగు సీడీలతోనే. ఫ్లాయిడ్ వాళ్ళు 1992లో 'షైన్ ఆన్' అని తెచ్చారు, దాంట్లో సీడీల వీపులన్నీ వరసగా నిలబెడితే 'డార్క్ సైడ్' అట్ట మీది ఆ పట్టకం బొమ్మ వస్తుంది, చూడ్డానికి చాలా ముచ్చటగా ఉంటుంది. కానీ అందులో వాళ్ళ మొట్టమొదటి ఆల్బమే లేదు! 'అమ్మగమ్మా' లేదు, 'ఆటమ్ హార్ట్ మదర్' లేదు. అంటే మా కథ ఇదీ, మిగతాది మీకు అక్కర్లేదు అన్నట్టు. తర్వాత 2001లో 'ఎకోస్' అని రెండు సీడీల్లో 26 పాటలు, ఒక పాట చివర ఇంకో పాట మొదట్లోకి కలిసిపోయేట్టు చాలా నేర్పుగా కుట్టారు, నేనూ ఎన్నోసార్లు విన్నాను, కానీ దేని పేరు పెట్టారో ఆ 'ఎకోస్' పాటనే దాదాపు ఏడు నిమిషాలు కోసేశారు. 23 నిమిషాల పాట పదహారు నిమిషాల చిల్లర అయింది. ఇప్పటికీ నాకది బాధే. మంచి పాటలే ఏరుకుని పెట్టుకుంటే వినేవాడికి సుఖంగానే ఉంటుంది గానీ ఆ మంచి ఎలా వచ్చిందో మాత్రం ఎప్పటికీ తెలీదు.

2016 పెట్టె దీనికి పూర్తిగా తిరగేసి చేశారు. మీకు షాపులో దొరికే ఆల్బమ్‌లు ఇందులో పెట్టలేదు, 'అబ్స్‌క్యూర్డ్ బై క్లౌడ్స్' ఒక్కటే కొత్తగా మిక్స్ చేసి పెట్టారు. మిగతాదంతా ఆల్బమ్‌లకి బయట మిగిలింది, రేడియోకి వాయించినవి, స్టేజీ మీదవి, సినిమావాళ్ళు వద్దన్నవి, మధ్యలో వదిలేసినవి, టీవీ ఫిల్ములు. ఆడియోనే పన్నెండు గంటల పైన ఉంది.

ఇంత ఆలస్యంగా 2016లోనే ఎందుకు అని మీకు రావచ్చు. దాని వెనక చట్టం కూడా ఒకటుంది. యూరప్‌లో రికార్డింగుల మీద హక్కు 50 ఏళ్ళుండేది, దాన్ని 70 చేశారు, 2013 నుంచి అమల్లోకి వచ్చింది, కాకపోతే ఒక షరతు, రికార్డు చేసిన 50 ఏళ్ళలోపు బయటికి విడుదల చేసి ఉండాలి, లేకపోతే హక్కు పోతుంది. దాంతో అరవైల్లో రికార్డ్ చేసి బీరువాల్లో పడున్నదంతా కంపెనీలు గబగబా బయటపెట్టడం మొదలెట్టాయి. ఫ్లాయిడ్ వాళ్ళు కూడా 2015 చివర్లో తమ తొలి ఆరు పాటలు కొద్ది కాపీలు మాత్రమే అచ్చేసి వదిలారు, మరుసటేడు అవే ఈ పెట్టెలో మొదటి డిస్కు మొదట్లోకొచ్చాయి. కారణం ఏదైతేనేం, మనకి మాత్రం మేలే జరిగింది.

సరే, ఆ ఆరు పాటల దగ్గరికే వద్దాం. అప్పటికి బ్యాండ్ పేరు 'టీ సెట్'. లండన్‌లో రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదివే ముగ్గురు, రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిక్ రైట్, వాళ్ళతో కేంబ్రిడ్జ్ నుంచి బొమ్మలేయడం నేర్చుకోవడానికి వచ్చిన సిడ్ బారెట్, ఇంకా బాబ్ క్లోస్ అని ఒక గిటారిస్టు, ఆయన తొందర్లోనే వెళ్ళిపోయాడు. వింటే ఏమనిపిస్తుందంటే, అప్పుడు లండన్‌లో ఉన్న ఏ కాలేజీ బ్యాండైనా ఇలాగే వాయించి ఉంటుంది. అమెరికా బ్లూస్‌ని ఇంగ్లీషు కుర్రాళ్ళు ఇష్టంగా, కొంచెం బెరుగ్గా అనుకరించడం. ముందుముందు ఏం రాబోతోందో ఇందులో ఎక్కడా సూచన లేదు, నేను చాలా శ్రద్ధగా వెతికాను కూడా. బ్యాండ్ కొత్త పేరు కూడా బ్లూస్ నుంచే, పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అని ఇద్దరు బ్లూస్ గాయకుల పేర్లు సిడ్ అతికించాడు.

తర్వాత రెండేళ్ళకే 1967. అదే సిడ్ రాసిన 'ఆర్నాల్డ్ లేన్', 'సీ ఎమిలీ ప్లే' రెండూ హిట్లు. ఈ రెండేళ్ళలో ఏం జరిగిందో చూపించే రికార్డింగ్ ఒకటి ఇందులో ఉంది, 1967 సెప్టెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో ఒక క్లబ్బులో వాయించింది. అందులో గొంతులు దాదాపు వినపడవు. చాలామంది దాన్ని తిట్టుకున్నారు, ఇదేం రికార్డింగ్ అని, నాకు మాత్రం అదే వరమైంది, ఎందుకంటే సిడ్ అనగానే అందరం ఆ మాటలు, ఆ చమత్కారం గురించే మాట్లాడతాం, ఇక్కడ మాటలు పోయేసరికి ఆయన గిటార్ ఒక్కటే మిగిలింది. ఎంత ధైర్యంగా వాయించాడండీ! తీగ మీద గీరడం, జార్చడం, రాగం తెగిపోయిందనుకున్నచోట ఇంకేదో పట్టుకుని మళ్ళీ లేవడం. ఆయనకి అప్పుడు 21 ఏళ్ళు.

అక్కడ్నుంచి నాలుగైదు నెలల్లో ఆయన ఆ బ్యాండ్‌లో లేడు.

'వెజిటబుల్ మ్యాన్' పాట గురించి ఇక్కడ చెప్పాలి. ఆ ఏడు అక్టోబర్‌లో కొత్త పాట కావాలని కంపెనీవాళ్ళు వెంటపడితే, మేనేజర్ పీటర్ జెన్నర్ ఇంట్లో కూర్చుని, ఆ పూట ఒంటి మీద ఏ బట్టలున్నాయో వాటినే వరసగా రాసుకుంటూ పోయాడట సిడ్. జెన్నర్ తర్వాత చాలాసార్లు చెప్పిన మాట ఇది. వింటే మొదట నవ్వొస్తుంది, చొక్కా, పాంటు, బూట్లు ఇలా లెక్క చెప్తున్నాడు కదా అని, పాట సగానికొచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోతుంది. ఈ బట్టల లోపల నేను ఉన్నానా అని ఒక మనిషి తనని తాను వెతుక్కుంటున్నాడని అర్థమవుతుంది. కంపెనీ దాన్ని విడుదల చెయ్యలేదు. ఇంకోటి, 'స్క్రీమ్ దై లాస్ట్ స్క్రీమ్', అదీ ఆపేశారు. రెండూ దొంగ టేపుల్లో తిరుగుతూ 49 ఏళ్ళు గడిపాయి. ఆ దొంగ టేపులు విని, 1984లో ఒక కుర్ర స్కాటిష్ బ్యాండ్ 'వెజిటబుల్ మ్యాన్'ని తిరిగి పాడి తమ మొదటి సింగిల్, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డు, వెనక వైపు వేసుకుంది కూడా. చివరికి ఈ పెట్టెలో మొదటిసారి శుభ్రంగా, అసలు టేపు నుంచి మిక్స్ చేసి పెట్టారు. సిడ్ 2006లో పోయాడు, రిక్ రైట్ 2008లో పోయాడు, ఇద్దరూ ఇది చూడలేదు.

నిక్ మేసన్ మాత్రం చూశాడు. చూడ్డమే కాదు, 2018లో ఆయన 'సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్' అని కొత్త బృందం కట్టుకుని, 'డార్క్ సైడ్'కి ముందు పాటలు మాత్రమే వాయిస్తూ దేశాలు తిరిగాడు, అందులో 'వెజిటబుల్ మ్యాన్' కూడా ఉంది. డెబ్బై దాటిన మనిషి ఇరవైల్లో ఆపేసిన పాట దగ్గరికి మళ్ళీ వెళ్ళడం... నాకు దాని గురించి ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది.

అప్పటికే సిడ్ మనసు చెదిరి స్టేజీ మీద సరిగ్గా వాయించలేకపోతున్నాడు, 1968 మొదట్లో తోడుగా గిటార్ వాయించడానికి డేవిడ్ గిల్మోర్ వచ్చాడు, కొన్నాళ్ళు ఐదుగురూ ఉన్నారు, జనవరి చివర్లో ఒక రోజు సౌతాంప్టన్‌లో ప్రోగ్రాంకి వెళ్తూ దారిలో సిడ్‌ని ఎక్కించుకోకుండా వెళ్ళిపోయారు. గొడవ పడలేదు, పొమ్మనలేదు, అటు వైపు బండి తిప్పలేదు అంతే. పాటలన్నీ రాసేవాడు పోయాడు. మిగిలిన నలుగురికి పాట రాయడం సరిగ్గా రాదు. ఇది ఊహించుకోండి ఒకసారి, ఇల్లు కట్టే మేస్త్రీ వెళ్ళిపోయాడు, ఇటుకలు మోసినవాళ్ళు మిగిలారు.

ఈ పెట్టెలో ఐదు చిన్న వినైల్ సింగిల్స్ ఉన్నాయి, అప్పట్లో వచ్చినవి వచ్చినట్టే మళ్ళీ అచ్చేశారు. ఇదిగో, చేతులు మార్చుకుంటూ చూడండి, అంచులు పట్టుకోండి ప్లీజ్. మొదటి రెండూ హిట్. మూడోది, సిడ్‌దే, 1967 నవంబర్‌లో వచ్చింది, చార్టుల్లో లేదు. నాలుగోది రిక్ రైట్ రాసింది, లేదు. ఐదోది 1968 డిసెంబర్‌లో, అదీ లేదు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో వాళ్ళు సింగిల్ వెయ్యడమే మానేశారు, మళ్ళీ వేసింది 1979లో, 'ది వాల్' ఆల్బమ్ అప్పుడు. పదకొండేళ్ళు. చేతిలో ఈ ఐదూ వరసగా పట్టుకుంటే ఒక బ్యాండ్ పడిపోవడం కళ్ళకి కనిపిస్తుందండి, నాకు పుస్తకాల్లో చదివితే తెలియలేదు, ఈ ఐదు కవర్లు పరుచుకుని కూర్చున్న రోజు తెలిసింది.

మరి ఏం చేశారు? సింగిల్ రాయలేం, సరే, పొడుగ్గా వాయిద్దాం అనుకున్నారు. స్టేజీ మీద ఏదో ఒకటి చేద్దాం అనుకున్నారు. 1969 డిస్కుల్లో ఒక పూర్తి కచేరీ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ కన్సర్ట్‌గెబావ్ హాల్లో సెప్టెంబర్ 17న డచ్ రేడియోవాళ్ళు పట్టింది. 'ది మ్యాన్', 'ది జర్నీ' అని రెండు భాగాలు. మొదటి భాగం ఒక మనిషి ఒక రోజు, పొద్దున లేవడం, పనికెళ్ళడం, సాయంత్రం, నిద్ర, పీడకల, మళ్ళీ తెల్లారడం. 'పని' అన్న భాగంలో వాళ్ళు స్టేజీ మీద నిజంగానే రంపం, సుత్తి పట్టుకుని చెక్క కోసి మేకులు కొట్టి బల్ల చేస్తారు. ఆ చప్పుడే సంగీతం. తర్వాత టీ టైమ్, వాళ్ళ సహాయకులు టీ తెచ్చి ఇస్తే స్టేజీ మీదే కూర్చుని తాగుతారు. రికార్డింగ్‌లో ఆ చప్పుళ్ళు వింటుంటే మొదటిసారి నాకు ఇదేం పిచ్చి అనిపించింది, నిజం చెప్పాలి కదా. మూడోసారి వింటున్నప్పుడు, హెడ్‌ఫోన్స్‌లో, సుత్తి దెబ్బలకి ఒక లయ కుదురుతుండటం పట్టుకున్నాను, మొదట ఎవడికి వాడు కొడుతుంటాడు, మెల్లగా ఒకరి దెబ్బ ఇంకొకరి దెబ్బ మధ్యలో పడటం మొదలవుతుంది. 'డార్క్ సైడ్'లో 'మనీ' పాట మొదట్లో చిల్లర డబ్బుల చప్పుడు, క్యాష్ రిజిస్టర్ చప్పుడు తాళంలో పడతాయి గుర్తుందా? 'టైమ్'కి ముందు గడియారాలు? అవి ఎక్కడ్నుంచి వచ్చాయో నాకు ఆ బల్ల దగ్గర కనిపించింది. ఇది నా చెవికి తోచింది, వాళ్ళెవరూ చెప్పింది కాదు. ఒక మనిషి జీవితాన్ని ఒక ఆల్బమ్‌లో మొదట్నుంచి చివరిదాకా చెప్పాలన్న ఆలోచన కూడా ఇక్కడే ఉంది చూడండి, కాకపోతే ఇంకా చేతకాలేదు. ఈ కచేరీని వాళ్ళు ఎప్పుడూ ఆల్బమ్‌గా వెయ్యలేదు, ముక్కలు చేసి 'మోర్' ఆల్బమ్‌లో కొన్ని, 'అమ్మగమ్మా'లో కొన్ని వాడేసుకున్నారు. పూర్తిగా ఒక్కచోట అధికారికంగా దొరకడం ఈ పెట్టెలోనే.

ఇంకోటి చెప్తాను, ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన డిస్కు. 1969 చివర్లో ఆంటోనియోని అనే ఇటాలియన్ దర్శకుడు 'జాబ్రిస్కీ పాయింట్' సినిమాకి సంగీతం చెయ్యమని రోమ్‌కి పిలిపించాడు. వీళ్ళు చేసి ఇస్తారు, ఆయన వద్దంటాడు, మళ్ళీ చేస్తారు, మళ్ళీ వద్దంటాడు, చివరికి మూడే తీసుకున్నాడు. ఆయన వద్దన్నవాటిలో రిక్ రైట్ ఒక్కడే పియానో మీద వాయించిన ముక్క ఒకటుంది, సినిమాలో అల్లర్ల సీన్ కోసం చేసింది, పెట్టెలో దాని పేరు 'ది రయట్ సీన్'. తెర మీద పోలీసులు కొడుతుంటే వెనక ఇంత నెమ్మదిగా, ఇంత దిగులుగా పియానో. బాగుంది గానీ మరీ విషాదంగా ఉంది, చర్చిని గుర్తు చేస్తోంది అన్నాడట దర్శకుడు, వాటర్స్ చెప్తుంటాడు ఈ మాట. ఒక్క నిమిషం వినిపిస్తాను.

(పాట వినిపించారు.)

గుర్తుపట్టారా? ఆ... వెనక నుంచి ఎవరో అన్నారు, అవును, 'అస్ అండ్ దెమ్'! అదే. మాటల్లేవు, శాక్సఫోన్ లేదు, కానీ పాట మొత్తం అక్కడే ఉంది. వద్దన్న ఆ ముక్కని రైట్ పారేసుకోలేదు. మూడేళ్ళకి అది 'డార్క్ సైడ్'లో కూర్చుంది. నేను హనుమకొండలో రాత్రిళ్ళు క్యాసెట్ మీద విని కళ్ళనీళ్ళు పెట్టుకున్న పాట ఒక సినిమావాళ్ళు వద్దని తిప్పి పంపింది అని తెలిసిన రోజు నాకు చాలాసేపు ఏం తోచలేదు.

1970 డిస్కులు కొంచెం తొందరగా దాటేస్తాను. 'ఆటమ్ హార్ట్ మదర్', ఆ ఆవు బొమ్మ ఆల్బమ్, ఇంగ్లండ్‌లో వాళ్ళకి మొదటి నంబర్ వన్. అందులో అదే పేరుతో 23 నిమిషాలు పైబడిన పాట, మేసన్, వాటర్స్ ఇద్దరూ డ్రమ్స్, బాస్ మొత్తం ఒకే టేక్‌లో ఆపకుండా వాయించాల్సొచ్చింది, టేపు కొయ్యడానికి కంపెనీ ఒప్పుకోలేదని. పైన రాన్ గీసిన్ అనే సంగీతకారుడు రాసిన బ్రాస్, అంటే బాకాలు, కోరస్ వచ్చాయి. పెట్టెలో బ్రాస్ లేకుండా నలుగురే వాయించింది కూడా ఉంది. నాకు ఇదే నచ్చింది. ఆ బాకాల కింద ఇంత సన్నటి, ఇంత ఓపికైన వాయింపు దాగి ఉందని ఆల్బమ్ విన్నప్పుడు తెలీదు.

ఇప్పుడు అసలు సంగతి, 1971.

జనవరిలో అబ్బీ రోడ్ స్టూడియోకి వెళ్ళారు, చేతిలో ఒక్క పాట లేదు. ఏ ఐడియా వస్తే అది రికార్డ్ చేద్దాం, తర్వాత చూద్దాం అనుకున్నారు. మేసన్ తన పుస్తకంలో రాశాడు, ఒకసారి ఏం చేశారంటే, స్వరాల క్రమం ఒకటి పైపైన అనుకుని, ఒకళ్ళు వాయించేది ఇంకొకళ్ళు వినకుండా విడివిడిగా వాయించి తర్వాత కలిపి చూశారట. ఏదీ కుదర్లేదు. ఇలా పోగైన ముక్కలకి పేర్లు కూడా పెట్టబుద్ధి కాలేదు, 'నథింగ్ 1', 'నథింగ్ 2' అని నంబర్లేసుకుంటూ పోయారు, అలా ఇరవై పైచిలుకు. 'ఏం లేదు' అన్నమాట. మీరు గమనించారా, పెద్ద కంపెనీ, ముందటేడే నంబర్ వన్ ఆల్బమ్, లోకంలో ఉన్న మంచి స్టూడియోల్లో ఒకటి, వారాల తరబడి కూర్చుని టేపు డబ్బాల మీద 'ఏం లేదు' అని రాసుకుంటున్నారు.

ఆ డబ్బాల్లోంచి ఒకటి, 'నథింగ్, పార్ట్ 14', ఈ పెట్టెలో ఉంది. ఏడు నిమిషాలు. మాటల్లేవు. దాని పక్కన బ్రాకెట్‌లో 'ఎకోస్ తయారవుతుండగా' అన్నట్టు రాశారు. నేను మొదటిసారి విన్నప్పుడు ఎకోస్ ఎక్కడుందా అని వెతుక్కున్నాను, దొరకలేదు. నలుగురూ ఒక గదిలో చీకట్లో గోడ తడుముకుంటున్నట్టుంది, ఒకడు రెండడుగులు వేస్తాడు, మిగతావాళ్ళు ఆగి వింటారు, ఏమీ తగల్లేదని మళ్ళీ వెనక్కి.

తర్వాత ఒకరోజు రిక్ రైట్ పియానో మీద పైస్థాయిలో ఒక్క స్వరం నొక్కాడు, అది లెస్లీ అని గిరగిర తిరిగే స్పీకర్ ఉంటుంది, దాంట్లోంచి వస్తోంది. 'టింగ్' అని. నీళ్ళ కింద ఓడ దేన్నో వెతుకుతూ పంపే చప్పుడులా. ఆ ఒక్క స్వరం దొరికాక మిగతా ముక్కలన్నీ దాని చుట్టూ చేరాయి. మధ్యలో గాలి హోరు వస్తుంది కదా, అది వాటర్స్ బాస్ గిటార్ తీగ మీద స్లైడ్ పెట్టి ఎకో మిషన్లోంచి తీసింది. సముద్రపు పక్షుల అరుపులు గిల్మోర్‌వి, గిటార్ చప్పుడు మార్చడానికి కాలితో తొక్కే వా-వా పెడల్‌కి వైర్లు అటుది ఇటు, ఇటుది అటు తిరగేసి పెడితే ఆ కేక వచ్చింది. పొరపాటున పుట్టిన చప్పుళ్ళని చెవి పెట్టి విని, ఉంచేసుకోవడం. ఏప్రిల్ 22న నార్విచ్‌లో మొదటిసారి స్టేజీ మీద వాయించినప్పుడు కూడా దానికి 'ఎకోస్' పేరు లేదు, 'రిటర్న్ ఆఫ్ ది సన్ ఆఫ్ నథింగ్' అనేవాళ్ళు, అంటే 'ఏం లేదు' కొడుకు తిరిగొచ్చాడు అని. శరదృతువులో 'మెడిల్' ఆల్బమ్‌లో ఒక వైపంతా అదే. అక్టోబర్‌లో ఇటలీలోని పాంపే వెళ్ళి, రెండు వేల ఏళ్ళ నాటి రాతి రంగస్థలంలో, ప్రేక్షకుడు ఒక్కడు కూడా లేకుండా, ఫిల్ము వాళ్ళ కోసం ఎండలో వాయించింది కూడా దాన్నే.

నా మాట ఏంటంటే, సిడ్ వెళ్ళిపోయాక మూడేళ్ళు వాళ్ళు సిడ్‌లా పాట రాయాలని చూశారు, రాలేదు, సినిమాలకి చేశారు, బల్లలు చేశారు, బాకాలు పెట్టారు. ఎకోస్ దగ్గరికొచ్చేసరికి నలుగురూ ఒకరిని ఒకరు వినడం నేర్చుకున్నారు. నేను ఇది ముందే ఎక్కడో చదివి ఉంటాను, కానీ చదవడం వేరండి. పార్ట్ 14లో ఆ నలుగురి మధ్య ఖాళీలు విని, వెంటనే సెప్టెంబర్ 30న బీబీసీకి వాయించిన ఎకోస్ విన్నాను, అదీ ఇందులోనే ఉంది. ఎనిమిది నెలల తేడా. అవే ఖాళీలు. ఇక్కడ మాత్రం వాటికి ఎవరూ భయపడట్లేదు.

పెట్టెలో తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఒకే వీడియోని డీవీడీలో ఒకసారి, బ్లూరేలో ఒకసారి పెట్టారు, 27 డిస్కుల్లో చాలా భాగం ఇలాంటి జంటలే, దానివల్ల ధర వందల డాలర్లకి పోయింది, మా ఫ్రెండ్ లాంటివాళ్ళు కొన్నారు గానీ ఒక విద్యార్థి ఎలా కొంటాడు? పెట్టెలోని ఏడు భాగాల్లో ఆరింటిని 2017లో విడివిడిగా అమ్మారు కానీ ఏడో భాగం పెట్టె కొన్నవాళ్ళకే. 1972 భాగంలో పెట్టాల్సిన సీడీకి బదులు పాంపే సీడీ వెళ్ళిపోతే, సరైనది విడిగా ఒక కాగితం కవర్లో వేసి ఇచ్చారు, ఇదిగో ఈ కవరు. అన్నిటికంటే నాకు కష్టమనిపించింది 'మెడిల్' సరౌండ్ మిక్స్, అంటే చుట్టూ స్పీకర్లు పెట్టుకుని వినేది. చేశారు, బ్లూరే మీద ఉంది, కానీ మెనూలో కనపడదు. కంప్యూటర్లో ఫైళ్ళు తవ్వినవాళ్ళకే దొరికింది. డబ్బు పెట్టి కొన్నవాడి ముందు తలుపు వేసేసినట్టే కదా అది.

ఏదైనా అడగాలంటే అడగండి.

(సభలో ఒకరు: సార్, ఇంతా చేసి ఇవన్నీ ఇప్పుడు నెట్‌లో దొరుకుతాయి కదా, పెట్టె ఎందుకు?)

మంచి ప్రశ్న. చాలావరకు దొరుకుతాయి బాబూ, 2021 డిసెంబర్‌లో ఆ కాలం లైవ్ కచేరీలు ఇంకో డజను స్ట్రీమింగ్‌లో పెట్టేశారు కూడా, ఏ ప్రచారమూ లేకుండా. నువ్వు వాటితోనే మొదలుపెట్టు, తప్పేం లేదు. కాకపోతే ఫోన్లో ఒక పాట నచ్చకపోతే ముప్పై సెకన్లలో మార్చేస్తాం, నేనూ అంతే. వరసలో వినడం కష్టం. నేను ఆ చెక్క కోసే చప్పుడు మూడుసార్లు విన్నది డిస్కు ప్లేయర్లో ఉంది కాబట్టే. నువ్వు ఫోన్లోనే వింటే ఒక పని చెయ్యి, 1965 నుంచి ఏడాదికి రెండు పాటలు రాసుకుని, దాటెయ్యకుండా ఒకే రాత్రి విను.

(ఇంకొకరు: సిడ్ బారెట్ ఉండి ఉంటే ఎకోస్ వచ్చేదా?)

అమ్మా, దానికి నా దగ్గర జవాబు లేదు. నేనైతే ఇంకోలా అడుగుతాను, ఎకోస్‌లో సిడ్ లేడా అని. స్టాక్‌హోమ్‌లో ఆ కుర్రాడు రాగం తెగినచోట భయపడకుండా ముందుకెళ్ళాడని చెప్పాను కదా. పక్కన నిలబడి విన్నవాళ్ళు ముగ్గురు ఎకోస్‌లో ఉన్నారు.

సరే, టైమ్ అయిపోతోంది. ముందు పార్ట్ 14, వెంటనే బీబీసీ ఎకోస్, మధ్యలో ఆపను. రెండూ కలిపి అరగంట పైన పడుతుంది. ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి బాబూ, మొదటి స్వరం చాలా చిన్నగా వస్తుంది, చప్పుడుంటే వినపడదు.